తోటక్క రాసే జవాబులు

మందుల షాపావిడ షెడ్డులోకి అడుగుపెట్టగానే నన్ను వాటేసుకుంది. నా రెండు చేతుల్లోనూ వంకాయలున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తోచక, చేతులు గాల్లో ఉంచుకుని, ఈవిడ ఎప్పుడు వదులుతుందా అని నిలబడ్డాను.

"మీకిలా జరగాల్సింది కాదక్కా," అంది నా భుజం మీద తల ఆనించి. "అంత మంచి మనిషికి!"

అంత మంచి మనిషి అంటే పోయిన మా ఆయనో నేనో నాకు అర్థం కాలేదు. "కూర్చోండి," అన్నాను. ఆవిడ పక్కనున్న గోనె సంచుల మీద కూర్చుంది. అవి ఆకుకూరల మీద కప్పడానికి తడిపి పెట్టిన సంచులు. ఆ సంగతి చెప్పాలని కూడా నాకు తట్టలేదు. వంకాయలు కాటా మీద వేసి, తూకం చూసి, పెట్టెలో సర్దాను.

"మా అమ్మ పోయినప్పుడు మీరు రాసింది ఇప్పటికీ నా ఫోనులో దాచుకున్నానక్కా," అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "ఈ వారం బీన్సు నేనే తరిగి పంపుతున్నానమ్మా, నువ్వు పొయ్యి వెలిగిస్తే చాలు, అని రాశారు. ఆ రోజు మా ఇంట్లో అందరం తిన్నామంటే మీ వల్లే. అందుకే ఇవాళ నేను రాకుండా ఉండలేకపోయాను."

నేను తలూపాను. ఆవిడకి నేనలా రాయలేదు. ఆవిడకే కాదు, ఎవరికీ ఏమీ రాయలేదు. ఫోనులో టకటకా రాయడం నాకు రాదు, వచ్చినా అంత ఓపిక లేదు, ఓపిక ఉన్నా "నువ్వు పొయ్యి వెలిగిస్తే చాలు" లాంటి మాట నా నోట్లోంచి చచ్చినా రాదు.

"ఏడవండక్కా. లోపల పెట్టుకోకండి," అంది ఆవిడ లేచి.

లోపల ఏమైనా ఉంటే కదా పెట్టుకోవడానికి. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది, తనకి తెలిసిన మనిషి అందులో ఎక్కడైనా ఉందేమోనని. తర్వాత మెల్లగా వెళ్ళిపోయింది. వెనక బట్టలన్నీ తడిసిపోయి ఉన్నాయి. చూశాను, మళ్ళీ కాటా దగ్గరికి వచ్చాను.

ఈ గొడవంతా అర్థం కావాలంటే తోటక్క ఎవరో చెప్పాలి.

మాది చిన్న తోట. కూరలు పండించి, కోసి, వారానికో పెట్టె చొప్పున ఊళ్ళో ఇళ్ళకి పంపుతాం. పండించడం, కొయ్యడం, తూయడం నా వంతు. వ్యాను నడిపి ఇంటింటికీ చేర్చడం మా ఆయన వంతు. ఫోన్లు కూడా మొదట్లో నా వంతే. నాకు నోరు పెద్దది. పెద్దదంటే మామూలుగా కాదు, నేను గొంతెత్తితే మా వీధి కుక్కలు ఎదురింటి వైపు నడిచేవి. ఒకరోజు ఎవరో ఒకావిడ ఫోన్ చేసి క్యాబేజీలో పురుగు వచ్చిందని సాగదీసింది. "పురుగు తిన్నది తింటే మీకేం కాదు. పురుగు కూడా ముట్టనిది తింటేనే పోతారు. ఏది కావాలో తేల్చుకుని ఫోన్ చెయ్యండి," అని పెట్టేశాను. ఆవిడ తేల్చుకుంది. ఆవిడతో పాటు ఆవిడ మేడలో ఉన్నవాళ్ళందరూ తేల్చుకున్నారు. మరుసటి వారం వ్యాను సగం ఖాళీగా వెళ్ళింది.

"నీ నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. కనీసం ఫోనుకి వేస్తాను," అన్నాడు మా ఆయన. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు.

అలా వచ్చింది మేనేజరమ్మ. వచ్చింది అనకూడదు, ఎప్పుడూ రాలేదు. ఎక్కడో వేరే ఊళ్ళో, తన ఇంట్లో, తన బల్ల ముందు కూర్చుని మా పని చేసే అమ్మాయి. ఎవరికి ఏ కూర పడదో గుర్తుంచుకోవడం, వ్యాను ఏ వీధి తర్వాత ఏ వీధికి వెళ్ళాలో చెప్పడం, వచ్చిన మెసేజీలకి జవాబివ్వడం, ఇవన్నీ ఆమె చూసుకునేది. మేనేజరమ్మ అన్న పేరు మా ఆయన పెట్టిందే. మాకొక్కళ్ళకే కాదు, ఒక పళ్ళ డాక్టరుకీ, కుట్టు మిషన్లు బాగుచేసే అతనికీ కూడా ఆమే మేనేజరమ్మ. ఒకసారి పొరపాటున మా దగ్గర పెట్టె తీసుకునే లెక్కల మాస్టారికి "రేపు ఉదయం మీ పన్ను తీస్తారు, ఏమీ తినకుండా ఉండండి" అని మెసేజీ వెళ్ళిపోయింది. ఆ పెద్దాయన, పాపం, కూరల పెట్టె వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. మా ఆయన ఆ వారమంతా తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

మెసేజీల కింద సంతకంలా ఉండే పేరు తోటక్క.

"అదెవత్తి?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"నువ్వే."

"నా పేరున తియ్యటి అబద్ధాలు రాయించకు, చెప్తున్నా."

"నీ పేరెక్కడుంది అందులో? తోటక్క అని ఉంది. నువ్వు తోటక్కవి కానప్పుడు నీకెందుకు ఉక్రోషం?" అన్నాడు.

ఆ తోటక్క మహా తల్లి. ఎవరింట్లో పిల్లకి జ్వరమో కనుక్కునేది, ఎవరు ఇల్లు మారుతున్నారో గుర్తుపెట్టుకునేది, టమాటాలు మెత్తబడ్డాయని తిట్టినవాళ్ళ చేత వారం తిరిగేసరికి సారీ చెప్పించుకునేది. జనం పెరిగారు. మేడవాళ్ళు కూడా తిరిగొచ్చారు. నన్ను చూడని వాళ్ళందరికీ నేనంటే ప్రాణం. నాకదంతా ఒక వేళాకోళంలా ఉండేది. ఆ దూరాన కూర్చున్న పిల్లకి కలం బలం ఉంది, బతికిపోయాం అనుకునేదాన్ని.

రోజూ సాయంత్రం ఖాళీ పెట్టెలతో వచ్చాక మా ఆయన వెంటనే దిగేవాడు కాదు. వ్యాను తలుపు తెరిచి, ఒక కాలు బయటికి వేలాడేసుకుని, ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడేవాడు. ఇంతసేపు ఏముంటుందా అని ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది. చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాక మొదలుపెట్టేవాడు. ఫలానా ఆవిడకి దోసకాయ చేదొచ్చిందట. ఫలానా ఆయనకి పెట్టె ఆలస్యమైందట. ఫలానా వాళ్ళింట్లో ఎవరో పోయారట. ఒక్కొక్కటీ చెప్పి నా మొహం చూసేవాడు. నేను అందుకునేదాన్ని. నేను తిడుతూ ఉంటే నవ్వుకుంటూ తినేవాడు. నా తిట్లు ఆయనకి నంజుకోవడానికి పనికొస్తున్నాయనుకుని ఇంకో నాలుగు వడ్డించేదాన్ని.

ఆయన పోయింది వ్యానులోనే. లెక్కల మాస్టారి మేడ ముందు బండి ఆపి, ఇంజను కట్టేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. కునుకు తీస్తున్నాడనుకుని జనం పక్కనుంచి వెళ్ళిపోయారట. నాకు ఫోన్ వచ్చేసరికి టమాటాలు తూస్తున్నాను. విన్నాను. "సరే" అన్నాను. ఆ పెట్టె తూకం ఇంకా సరిపోలేదు. మరి కాసిని కాయలు వేసి, ముల్లు సరిగ్గా నిలిచాక, అప్పుడు చెప్పులు వేసుకుని బయల్దేరాను. ఎందుకలా చేశానో నన్నడక్కండి.

అంతా అయిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. నాకు మాత్రం ఏదీ తెలియలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. ఆకలి తెలిసేది కాదు. కాటా మీద కాయలు పెడుతుంటే చెయ్యి వణికితే, ఓహో, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కాబోలు అనుకునేదాన్ని. కాచుకున్న టీ ఎక్కడో పెట్టి మరిచిపోయేదాన్ని. షెడ్డులో ఎక్కడ చూసినా చల్లారిన గ్లాసులే. పక్క మీద ఆయన వైపు చూస్తే ఖాళీగా ఉండేది. ఖాళీగా ఉంది అనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. అంతే. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను, తర్వాత చూడటం మానేశాను.

పెట్టెలు తీసుకునే వాళ్ళందరికీ కబురు పెట్టింది మేనేజరమ్మే. ఎవరూ పురమాయించకుండానే రాసేసింది. వచ్చిన ఓదార్పులకి జవాబులూ ఆమే ఇచ్చింది. మా మరిది ఒకటి చదివి వినిపించాడు. "మా ఆయనకి మీ అందరి గుమ్మాలూ తెలుసు. ఆ గుమ్మాల్లో ఆయన్ని తలుచుకుంటున్నారంటే నాకు ధైర్యంగా ఉంది" అని ఉంది. నాకు ధైర్యంగానూ లేదు, అధైర్యంగానూ లేదు. నా మొగుడి కోసం నా పేరు పెట్టుకుని ఎవరో ఎక్కడో ఏడుస్తున్నారు, పోనీలే, ఆ పని కూడా ఒకరు చూసుకుంటున్నారు అనిపించింది.

మరిది మంచివాడే. మోటార్లు బాగుచేసే షాపు ఉంది వాడికి. అది మూసుకుని వచ్చి మా వ్యాను నడుపుతున్నాడు. ఎన్నాళ్ళని నడుపుతాడు? ఒకరోజు పెట్టెలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగాడు.

"వదినా, పక్క చేనాయన అడుగుతున్నాడు. తోట కౌలుకిచ్చేసెయ్. మా ఇంటికొచ్చెయ్. నీకు గది ఉంది, గాలీ వెలుతురూ అన్నీ ఉన్నాయి."

"వచ్చి ఏం చెయ్యను?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూర్చో."

కూర్చోవడం నాకు రాదు. అప్పటికి నాకు చేతనయినవి కాయలు కొయ్యడం, తూయడం. చేతులు వాటంతటవే చేస్తున్నాయి కాబట్టి నేను బతికే ఉన్నానని తెలుస్తోంది. అవి కూడా తీసేసి గాలీ వెలుతురూ ఉన్న గదిలో కూర్చోబెడితే ఇక మిగిలేది ఏమిటో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో నాకు భయం వేసిందంటే ఆ ఒక్క మాటకే.

"తోట ఇవ్వను," అన్నాను.

"సరే. మేనేజరమ్మ ఉన్నంతకాలం నడుపు. ఆ అమ్మాయి లేకపోతే మాత్రం నీవల్ల కాదు వదినా. కోప్పడకు. నువ్వు ఫోనెత్తి హలో అన్నావంటే చాలు, సగం మంది పారిపోతారు."

నిజమే చెప్పాడు. నాకు కోపం కూడా రాలేదు. వదిన కోప్పడలేదని వాడే కంగారుపడ్డాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మందుల షాపావిడ వచ్చి వెళ్ళిన రోజే, మధ్యాహ్నం, మరిది వ్యాను తెచ్చి నిలిపి, మా ఆయన ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. వాడి మొహం అదోలా ఉంది.

"వదినా, మేనేజరమ్మ మానేస్తుందట. ఇప్పుడే మెసేజీ పెట్టింది. వేరే ఎవరినైనా చూసుకోమంటోంది. మన్నించమని కూడా రాసింది."

"ఎందుకట?"

"చెప్పలేదు." కాసేపు గోనె సంచులు సర్దాడు. "మరి పక్క చేనాయనకి..."

"ఫోనిలా ఇవ్వు," అన్నాను.

షెడ్డులో నీళ్ళ మోటారు హోరు. బయటికి వచ్చాను. ఎండ. నీడ ఉన్నది వ్యానులోనే. తలుపు తీశాను. స్టీరింగు ముందు సీటు వైపు చూసి, అటు ఎక్కలేక, ఇటు తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాను. ఆ అమ్మాయితో నేను ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నెంబరు నొక్కాను.

మొదటి మోతకే ఎత్తింది. "చెప్పండి సార్," అంది, గబుక్కున, అలవాటుగా. అని ఆగిపోయింది. ఫోను మోగితే కనిపించే పేరు ఆయనదే కదా.

"సార్ కాదు. నేను," అన్నాను.

"మేడమ్..."

"మేడమూ లేదు, గీడమూ లేదు. మానేస్తున్నావట. పళ్ళ డాక్టరు పూర్తిగా తన దగ్గరే ఉండమన్నాడా?"

"అయ్యో, అది కాదండీ."

"మరి? నేనేమైనా అన్నానా? అసలు నీతో ఒక్క ముక్కయినా మాట్లాడానా నేను?"

"అదేనండీ," అంది. గొంతు చాలా చిన్నది. నేను అనుకున్నదానికంటే చిన్న పిల్లలా ఉంది. "మీరు మాట్లాడలేదు."

"మాట్లాడకపోవడం కూడా తప్పేనా? లోకంలో నేను మాట్లాడలేదని బాధపడ్డ మొదటిదానివి నువ్వే."

నవ్వలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "తప్పని కాదండీ. నా దగ్గర మాటలైపోయాయి."

"అయిపోవడమేమిటి? బియ్యమా, ఉప్పా? నువ్వు ఎంత కమ్మగా రాస్తావో ఊరంతా చెప్పుకుంటోంది. ఇందాకే ఒకావిడ వచ్చి నా మెడ పట్టుకుని ఏడ్చి వెళ్ళింది, నువ్వు రాసినదానికి. ఇంకో నాలుగు రాయి."

"అవి నేను రాసినవి కాదండీ. అవి మీవే కదా."

ఎండకి పిచ్చెక్కిందేమో అనుకున్నాను, నాకో ఆ పిల్లకో. "ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"సార్ మీకు చెప్పలేదా?" అంది. "రోజూ సాయంత్రం సార్ ఫోన్ చేసేవారు కదండీ. వచ్చిన మెసేజీలన్నీ నేను చదివేదాన్ని. మామూలువాటికి వెంటనే చెప్పేసేవారు. ఎవరైనా తిడితేనో, ఎవరికైనా బాగోలేకపోతేనో, 'ఆగమ్మా, రేపు చెప్తాను' అనేవారు. మర్నాడు, 'రాసుకో, మా ఆవిడైతే ఇలా అంటుంది' అని చెప్పేవారు. మొదట్లో నేను సొంతంగా బాగా రాద్దామని ఏవేవో రాశాను. ఒప్పుకునేవారు కాదు. 'బాగానే ఉందమ్మా, కానీ ఇది నువ్వు. మా ఆవిడ కాదు' అనేవారు."

వ్యాను అద్దం మీద దుమ్ము ఉంది. మరిది తుడవడు. దాని వైపే చూస్తున్నాను.

"బీన్సు?" అన్నాను చివరికి. "ఆ బీన్సు సంగతి?"

"మందుల షాపు మేడమ్‌దా? వాళ్ళమ్మగారు పోయినప్పుడు. అదీ అంతేనండీ. సార్ చెప్పారు, మీరు బీన్సు తరుగుతున్నారని."

తరిగాను. అది గుర్తుంది. ఆ రోజు అన్నం దగ్గర మా ఆయన, మందుల షాపావిడ వాళ్ళమ్మ పోయిందట, ఈ వారం పెట్టె పంపాలా వద్దా అన్నాడు. నేనేమన్నానో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. "తల్లి పోయి ఏడ్చుకుంటూ కూర్చున్న మనిషి బీన్సు ఈనెలు తీస్తుందా? నీ తలకాయ! పొయ్యి ముట్టించుకునే ఓపికైనా ఉందో లేదో దాని మొహానికి. ఇలా తగలెయ్ ఆ చాట" అని, కత్తిపీట ముందేసుకుని మొత్తం తరిగి, సంచిలో కట్టి, ఆయన మొహాన కొట్టాను.

"నేను తిట్టాను," అన్నాను.

"తెలుసండీ. అదీ చెప్పేవారు. ముందు మీరు తిట్టింది తిట్టినట్టు చెప్పేవారు. మేమిద్దరం కాసేపు నవ్వుకునేవాళ్ళం. తర్వాత 'అంటే ఏమిటంటే' అని అర్థం చెప్పేవారు. నేను ఆ అర్థమే రాసేదాన్ని."

అన్నం ముందు కూర్చుని, ఒక్కొక్క ఇంటి సంగతీ చెప్పి, నా మొహం చూసేవాడు. ఆగి వినేవాడు. నేను నంజుకోవడానికి వడ్డిస్తున్నాననుకున్నాను. ఆయన మూట కట్టుకుంటున్నాడు. మర్నాడు సాయంత్రం దాకా మోసుకెళ్ళి, ఈ సీటు పక్కన కాలు వేలాడేసుకుని, ఆ పిల్లకి అప్పజెప్పేవాడు. ఒక్కరోజు కూడా నాతో అనలేదు, నీ తిట్టుకి అర్థం ఇదీ అని. అని ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ సంగతి కూడా తెలుసు కాబోలు దొంగ మొహానికి.

"సార్ పోయాక ఉన్నవాటితోనే నెట్టుకొచ్చానండీ," అంటోంది ఆ అమ్మాయి. "ఎప్పుడో ఒకరికి చెప్పింది ఇంకొకరికి రాసి, అటు మార్చీ ఇటు మార్చీ. ఇందాక మందుల షాపు మేడమ్ రాశారు. చదవనా?"

"చదువు."

"'అక్కా, పొద్దున వచ్చాను. మీరు నాతో ఏమీ మాట్లాడలేదు. నేను రావడం మీకు నచ్చలేదా? నేనేమైనా తప్పు చేశానా?'" చదివి ఊపిరి తీసుకుంది. "దీనికి జవాబు రాద్దామని చాలాసేపు కూర్చున్నానండీ. ఏం రాసినా నాలాగే ఉంది. సార్ వింటే 'ఇది నువ్వమ్మా' అంటారు. అబద్ధం రాస్తున్నట్టుంది. అందుకే మానేస్తానన్నాను. ఇప్పుడు మీరేమంటారో నాకెవరు చెప్తారండీ?"

షెడ్డులో మరిది మోటారు కట్టేశాడు. ఒక్కసారిగా చుట్టూ నిశ్శబ్దం. వాడు గుమ్మంలో నిలబడి, ఖాళీ పెట్టెలు సర్దుతున్నట్టు నటిస్తూ, చెవులు ఇటు వేశాడు.

"మేడమ్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. రాసుకో," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆవిడని తడి గోనెల మీద కూర్చోబెట్టాను. బట్టలన్నీ తడిసుంటాయి. చూశాను, అయినా చెప్పలేదు. కోపం లేదు. తప్పేమీ చెయ్యలేదు. నాకే ఏదీ తెలియట్లేదు, అంతే. ఈసారి వస్తే పొడి స్టూలు వేస్తానని రాయి."

అవతల టకటకా చప్పుడు. ఆగింది. "దీనికి అర్థం కూడా చెప్తారా?"

"అర్థమేమిటి నీ మొహం! అన్నదే అర్థం. ఉన్నదున్నట్టు పంపు."

"అలాగేనండీ," అంది. ఈసారి కొంచెం నవ్వినట్టుంది. "ఇంకొకటుందండీ. ఇది రెండు రోజుల నుంచీ ఆపి పెట్టాను. లెక్కల మాస్టారిది."

లెక్కల మాస్టారు ఒంటరి మనిషి. పై అంతస్తులో ఉంటాడు. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేడు. మా ఆయన పెట్టె భుజాన పెట్టుకుని పైదాకా ఎక్కి, వంటింటి గట్టు మీద పెట్టి, కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఆ రోజు ఆ మెట్లు ఎక్కకముందే పోయాడు.

"'తోటక్క గారూ, వచ్చే వారం నుంచి నాకు పెట్టె పంపొద్దు. కొత్తబ్బాయి కింద పెట్టి వెళ్తున్నాడు, అతన్ని ఏమీ అనకండి, అతనికి తెలియదు. నేను దిగలేను. ఆయన ఉన్నప్పుడు వేరు.' అంతేనండీ. ఏం రాయమంటారు?"

"రాసుకో," అన్నాను. "మా ఆయనైతే..."

అక్కడ ఆగిపోయాను. మా ఆయనైతే ఏమనేవాడో నాకు తెలుసు. ప్రతి అక్షరం తెలుసు. ఏ మాట దగ్గర నవ్వేవాడో తెలుసు. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి, కానీ వాటిని ఆయన ఇక అనడు. ఎప్పటికీ అనడు. ఇన్ని రోజుల నుంచీ అందరూ అదే కదా చెప్తున్నారు. నాకిప్పుడు వినిపించింది. చెయ్యి స్టీరింగు ముందు సీటు మీద పెట్టాను. ఆయన కూర్చునే చోట గుంట పడి ఉంది. అందులో అరచెయ్యి ఆనించి, ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చాను. పెద్ద నోరు కదా, ఏడుపూ పెద్దదే. మరిది పెట్టె కింద పడేసి పరిగెత్తుకొచ్చి, తలుపు దాకా వచ్చి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

ఆ అమ్మాయి ఏడవొద్దనలేదు, ఓదార్చలేదు, ఫోన్ పెట్టేయలేదు. ఆయన ఆగమన్నప్పుడు ఎలా ఆగేదో అలాగే ఆగింది.

మొహం తుడుచుకున్నాను. ఒళ్ళంతా నొప్పిగా ఉంది. ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో కూడా తెలుస్తోంది.

"రాశావా?" అన్నాను.

"'మా ఆయనైతే' వరకూ రాశానండీ."

"అది కొట్టెయ్. నేనే తెస్తానని రాయి. పెట్టె నేనే మోసుకొస్తాను. మెట్లు ఎక్కినంతసేపూ మాస్టారినీ, ఆయన మేడనీ తిడుతూనే ఉంటాను. వినపడగానే తలుపు తీసి పెట్టుకోమను. ఉత్త కడుపుతో మాత్రం కూర్చోవద్దని చెప్పు."

టకటకా, టకటకా. మరిది మళ్ళీ షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి, తల వంచుకుని పడేసిన పెట్టెలోంచి దొర్లిన కాయలు ఏరుతున్నాడు. పక్క చేనాయన మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఇదీ ఉన్నదున్నట్టే పంపనా?" అంది మేనేజరమ్మ.

"ఉన్నదున్నట్టే."

"కింద తోటక్క అనే పెట్టనా అండీ?"

చేతికందినంత మేర వ్యాను అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచాను.

"పెట్టు," అన్నాను. "తర్వాతది చదువు."